గుండె ఎటు జారింది?

పాఠం చెప్పడం నా బతుకుతెరువు. ఇరవై రెండేళ్లుగా తెలుగు పంతులుని. ఇప్పుడు హసన్‌పర్తి అవతల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. అందుకే కౌన్సెలింగ్‌కు వెళ్లమని డాక్టరు చెప్పినప్పుడు పెద్దగా జంకలేదు. మాట్లాడటమే కదా, మనకు వచ్చిన పనే అనుకున్నాను. మాట్లాడకుండా కూర్చోవడం ఎంత కష్టమో తెలియడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

2023 జులై 27 అంటే వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి వాళ్లకు వివరం చెప్పనక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిలో ఊరు ఊరంతా మిద్దెలెక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది. మా కాలనీ పల్లంలో ఉంది. తెల్లవారుజామున మంచం దిగితే పాదం తడిసింది. రాత్రి చెంబు తన్నేశానేమో అనుకుని లైటు వేయబోయాను, కరెంటు లేదు. ఫోను వెలుగులో చూస్తే, వాకిట్లో విడిచిన నా చెప్పులు మంచం పక్కన తేలుతున్నాయి.

నా భార్య, కూతురు డాబా మీదికి చేరారు. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లేమో ఇంటి బయట, వరండాకు ఆ చివర ఉన్నాయి. అమ్మను పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి నీళ్లు నడుము దాటాయి. ఆ వడికి అడుగు తీసి అడుగు వేయలేం. ఎడమచేత్తో వరండా గేటు చువ్వ పట్టుకుని, కుడిచేయి అమ్మ నడుం చుట్టూ వేసి నిలబడిపోయాను. పక్కింటి కుర్రాళ్లిద్దరు తాడు వేసేదాకా అలాగే ఉన్నాం. ఇరవై నిమిషాలు అంటుంది నా భార్య.

ఇది నేను అందరికీ చెప్పిన కథ. పూర్తిగా చెబితే పన్నెండు నిమిషాలు పడుతుంది. ఎన్నిసార్లు చెప్పానో, నిమిషాలు కూడా లెక్క తేలాయి.

బురద కడిగి, తడిసిన పుస్తకాలు ఎండబెట్టి, ఆగస్టులో బడికి వెళ్లాను. మా తొమ్మిదో తరగతి గది వరండాకు రేకుల కప్పు. ఒక మధ్యాహ్నం పద్యం చెబుతుండగా రేకుల మీద చినుకులు పడ్డాయి. నేను చెబుతూనే ఉన్నాను. ముందు బెంచీ పిల్ల లేచి, "సార్, పుస్తకం నలిగిపోతోంది" అంది. చూసుకుంటే నా ఎడమచేతిలో పాఠ్యపుస్తకం అట్టతో సహా ముడుచుకుపోయి ఉంది. నేను నలిపినట్టు నాకు తెలియదు. ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా అదే. కొన్నాళ్లకు వాన కూడా అక్కర్లేకుండా పోయింది. ట్యాంకు నిండి నీళ్లు గచ్చు మీద పడుతున్న చప్పుడుకే పిడికిలి బిగుసుకునేది, భుజం సలిపేది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, మంచం దిగే ముందు నేలను చేత్తో తడిమి చూసుకునేవాణ్ని.

అమ్మ ఒకే మాట అంది: "జడుపు పట్టింది బిడ్డా." దిష్టి తీసింది, భద్రకాళి గుడి నుంచి దారం తెప్పించి కట్టింది. విచిత్రం ఏమిటంటే అదే నీళ్లలో నిలబడ్డ ఆమెకు ఏమీ కాలేదు. వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ తెల్లవారుజాము కథ చేతులు ఊపుతూ, లేచి నిలబడి మరీ చెప్పేది. మధ్యలో ఏడ్చేది, కుర్రాళ్లు తాడు విసిరితే అది తన మెడలో పడబోయిన ఘట్టం దగ్గర నవ్వేది. అక్టోబర్‌లో పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడటానికి వెళ్లింది. మోకాళ్లతో వంగలేదు, నిలబడే చప్పట్లు కొట్టింది. నేను దూరంగా బండి మీద కూర్చుని పిడికిలి విప్పుకుంటున్నాను.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, మెడ చూసి, మాత్రలు రాసి, ఫిజియోథెరపీకి పంపారు. మూడోసారి వెళ్లినప్పుడు కాగితం పక్కన పెట్టి "నిద్ర ఎలా ఉంది?" అన్నారు. అక్కడినుంచి మానసిక వైద్యుడి దగ్గరికి, ఆయన దగ్గరినుంచి 2024 జనవరిలో సుబేదారిలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి చేరాను. వారానికోసారి యాభై నిమిషాలు, ఎనిమిది వందల రూపాయలు. మా పీరియడ్ కన్నా ఐదు నిమిషాలే ఎక్కువ కాబట్టి నాకు ఇబ్బంది అనిపించలేదు.

ఆమె పని చేసిన తీరు నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన పద్ధతి అది. మనసును మెలిపెట్టే ఆలోచనను పట్టుకుని, దానికి సాక్ష్యం ఏముంది, ఎదురు సాక్ష్యం ఏముందని కాగితం మీద తేల్చడం. నోటు పుస్తకంలో గడులు గీయించారు. నేను పిల్లల చేత సంధి విడదీయించినట్టు ఆమె నా చేత ఆలోచన విడదీయించారు.

విడదీయాల్సింది చాలానే ఉంది. వరదకు ముందురోజు సాయంత్రం కాజీపేట నుంచి అక్క ఫోను చేసి, "అమ్మను తీసుకుని వచ్చేయండిరా, మేం పై అంతస్తులో ఉన్నాం కదా" అంది. "ఇదేమన్నా కొత్తా అక్కా, ఏటా పడే వానే" అన్నాను నేను. ఈ మాట అప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. తప్పు నాదేనని ఎంత నమ్ముతున్నారో నూటికి ఇన్ని అని వేయమంటే తొంభై ఐదు వేశాను. "ఆ సాయంత్రం మీకు తెలిసిందేమిటి, తెల్లారాక తెలిసిందేమిటి, రెండు గడుల్లో రాయండి సార్" అన్నారు. రాశాను. ఆరు వారాలకు తొంభై ఐదు ముప్ఫైకి దిగింది. ఇంకో ఆలోచన ఇంకా మొండిది: మోరంచపల్లిలో మనుషులు కొట్టుకుపోయారు, మనకు పోయింది ఒక ఫ్రిజ్జు, రెండు బీరువాల బట్టలు, దీనికి వణకడానికి సిగ్గుండాలి. దాన్ని కూడా మెల్లగా కిందికి దించారు. అక్కకు ఫోను చేసి ఆ సాయంత్రం సంగతి మాట్లాడాను. ఆమెకు ఆ ఫోను గుర్తే లేదు!

ఇదంతా మాటల వల్లే జరిగింది. మాటలతో ఏమవుతుందని పెదవి విరిచేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను.

కానీ పిడికిలి అలాగే ఉంది. ఎనిమిదో వారమో తొమ్మిదో వారమో ఆమె వరద కథ మళ్లీ మొదటినుంచి చెప్పమన్నారు. చెప్పాను. చెప్పులు తేలడం దగ్గర ఆగాల్సినంత ఆగాను, తాడు దగ్గర గొంతు పెంచాను. అయిపోయాక ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాలా బాగా చెప్పారు సార్. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. మరి మీకు?" అన్నారు.

నాకు రాలేదు. ఎప్పుడూ రాలేదు. నేను పాఠం చెప్పాను, అంతే. పాఠం చెప్పేవాడు ఏడిస్తే తరగతి నడవదు.

"మీ ఎడమచేయి చూసుకోండి" అన్నారు. సోఫా చేతిమీది గుడ్డ నా పిడికిట్లో ఉంది.

ఆమె రెండు దారులు చెప్పారు. ఇలాంటి దెబ్బలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పెద్దవాళ్లకు ముందు చెప్పినవి, జరిగిన ఘటన మీదే దృష్టి పెట్టి సాగే ఈ ఆలోచన దిద్దుబాటు పద్ధతి, కంటిపాపలను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఇ.ఎం.డి.ఆర్. మొదటి దారిలోనే ఇంకా లోతుకు వెళ్లవచ్చు. లేదా శరీరం వైపునుంచి వచ్చే వాళ్లున్నారు, ఆ పద్ధతులకు రుజువులు ఇంకా పలచన, కానీ మీ విషయంలో ప్రయత్నించి చూడదగ్గదే అన్నారు. తన దగ్గరికి వచ్చేవాణ్ని ఇంకొకరి దగ్గరికి పంపడానికి ఆమె ఏమీ చిన్నబుచ్చుకోలేదు. మా ఉపాధ్యాయులు నేర్చుకోవాల్సిన గుణం.

నేను ఆమె చెప్పిన దారిన కాకుండా ఫోనులో వచ్చిన ఒక ప్రకటన వెంట పడ్డాను. ఒంట్లో దాగిన భయాన్ని ఒక్కరోజులో విదిలించేస్తామని ఒక ఫంక్షన్ హాల్లో శిబిరం. అరవై మందిమి. పెద్ద డప్పుల పాట పెట్టి, కళ్లు మూసుకోమని, ఊగమని, అరవమని, జీవితంలో అతి భయంకరమైన ఘడియను తలచుకోమని మైకులో చెప్పారు. పక్కనున్న పెద్దమనిషి కుప్పకూలి ఏడుస్తుంటే ఎవరూ ఆయన దగ్గరికి రాలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు. నేను ఇంటికి వచ్చి వాంతి చేసుకున్నాను. రెండు రాత్రులు నిద్ర లేదు. ముందు నీ చదువేమిటి అని అడగనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) దగ్గర నమోదు ఉండాలి. శరీర పద్ధతుల కోర్సుల సర్టిఫికెట్లు దానికి బదులు కావు. ఈ ముక్క మా సైకాలజిస్టు ముందే చెప్పి ఉన్నారు. నేనే వినలేదు.

జూన్ చివర బుద్ధిగా ఆమె చెప్పిన మనిషి దగ్గరికే వెళ్లాను. హైదరాబాద్‌లో ఉంటారు. ఆవిడా సైకాలజిస్టే, దాని మీద సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అనే పద్ధతిలో శిక్షణ పొందారు. పీటర్ లెవీన్ అనే అమెరికన్ 1970లలో రూపు కట్టడం మొదలుపెట్టిన పద్ధతి. ఆపద వస్తే ఒళ్లు పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది, రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది, ఆ సిద్ధపాటు తీరకుండా మిగిలిపోతే ఆపద పోయాక కూడా కాపలా దిగదు. ఇదీ వాళ్ల మూలసూత్రం. అడవిలో జింక పులి నుంచి తప్పించుకున్నాక ఒళ్లు విదుల్చుకుని మేతకు పోతుందని ఉదాహరణ చెబుతారు. కథగా బాగుంది. జింక మనసు నాకు తెలియదు కాబట్టి ఊరుకున్నాను.

మొదటిసారి కాజీపేటలో రైలెక్కి వెళ్లాను, తర్వాత వారం వారం వీడియోలో. ఫీజు రెండు వేలు. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు ఒంటిలో ఎక్కడ నొప్పి పుట్టిందో ఎవరూ అడగకుండానే తెలిసింది. అంత పెట్టలేని తోటి ఉపాధ్యాయుడు ఒకాయన ఈమధ్య నన్ను సలహా అడిగితే వరంగల్ ఎం.జి.ఎం. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందని, ముందు ఒక మాట మాట్లాడాలంటే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే డబ్బు కట్టకుండా తెలుగులోనే మాట్లాడతారని చెప్పాను.

మొదటి సెషన్‌లో నేను అలవాటుగా గొంతు సవరించుకుని, "ఆ రోజు తెల్లవారుజామున" అని ఎత్తుకున్నాను. ఆవిడ చేయి అడ్డం పెట్టారు. "కథ తర్వాత సార్. ముందు ఈ గది చూడండి. మెల్లగా తల తిప్పి చూడండి. కంటికి హాయిగా ఉన్నదేదో చెప్పండి." కిటికీలో తులసి కుండీ ఉంది. చెప్పాను. "కుర్చీ మీ బరువు ఎక్కడెక్కడ మోస్తోంది?" ఇదేం ప్రశ్న అనుకున్నాను. పావుగంట ఇలాగే గడిచింది. ఆ గంటలో నేను మాట్లాడింది పది నిమిషాలు ఉండదు. మిగతా నిశ్శబ్దంలో నాకు తరగతిలో ఇన్‌స్పెక్షన్ జరుగుతున్నట్టు ఉంది. బయటికి వచ్చాక విపరీతమైన ఆకలి వేసింది. రైల్లో కాజీపేట దాటి వరంగల్ దాకా నిద్రపోయాను. సుబేదారి నుంచి వచ్చిన రోజుల్లో తల తేలికగా ఉండేది కానీ ఇలా నిద్ర వచ్చేది కాదు.

మూడోసారి, కథలో ఒక్క ముక్క, నీళ్లు గడప దాటిన క్షణం మాత్రమే తలచుకోమన్నారు. చెంచాడు చాలు, బిందెడు వద్దు అన్నారు.

"ఏమనిపించింది?"

"గుండె జారిపోయింది మేడమ్."

"ఎటు జారింది సార్?"

నవ్వు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఈ జాతీయానికి అర్థం రాయించి, సొంత వాక్యంలో ప్రయోగించమని మార్కులు వేశాను. ఎటు జారుతుందని ఏ పిల్లవాడూ అడగలేదు. "కిందికి" అన్నాను. "ఎక్కడిదాకా?" కళ్లు మూసుకుని వెతికాను. గుండె ఎక్కడికీ జారలేదు. నిజం చెప్పాలంటే గుండెలో ఏమీ లేదు. మోచేతి కింద, ఎడమవైపు, తాడు పేనుతున్నట్టు గుంజుతోంది. ఆ మాటే చెప్పాను. "తాడు పేనుతున్నట్టు" అని ఆవిడ రాసుకున్నారు.

అప్పటినుంచి మా ఇద్దరికీ ఒక ఆట కుదిరింది. ఆవిడ శిక్షణ అంతా ఇంగ్లిషులో జరిగింది, ఒంటి సంగతులన్నిటికీ 'సెన్సేషన్' అనే ఒక్క మాటే వాడేవారు. నాకు ఒళ్లు మండేది. తెలుగులో ఎన్ని లేవు! సలుపు, పోటు, తిమ్మిరి, గుంజు, మంట, కడుపులో దేవడం, జివ్వుమనడం, జలదరింపు, నోరు పెగలకపోవడం, కాళ్లూ చేతులూ ఆడకపోవడం. ఒక పేజీ నింపి పంపాను. మన భాషలో భయం ఎప్పుడూ ఏదో ఒక అవయవం పట్టుకునే ఉంటుంది. నేనే వాటిని వట్టి అలంకారాలుగా చెబుతూ వచ్చాను. ఆ పేజీ ఇప్పుడు ఆవిడ మిగతా తెలుగువాళ్లకు కూడా చూపిస్తున్నారట.

ఐదో సెషన్ జులై నెలలో, మా ఇంట్లోనే, ఫోను పుస్తకాలకు ఆనించి పెట్టి. బయట నిజంగానే ముసురు పట్టింది. పిడికిలి బిగుసుకుంది. విప్పబోతే ఆవిడ వద్దన్నారు. "ఇంకొంచెం బిగించండి, కానీ చాలా మెల్లగా. దానికి ఏం కావాలో చూడండి." బిగించాను. దానికి పట్టుకోవాలని ఉంది, అంతే. ఏదో జారిపోతోంది, పట్టుకోవాలి. "పట్టుకోనివ్వండి" అన్నారు. కుర్చీ పక్కన మడత పెట్టిన దుప్పటి ఉంటే పట్టుకున్నాను. ఎంతసేపో. తర్వాత చిటికెన వేలు దానంతట అదే లేచింది. దాని వెనక ఉంగరపు వేలు. భుజం నుంచి మణికట్టు దాకా సన్నగా వణుకు, చలికి వణికినట్టు, కానీ చలి లేదు. తర్వాత వరసగా ఆవులింతలు, కడుపులో గుడగుడ. నాకు సిగ్గేసింది, ఆవిడ మాత్రం ఫలితాలు వచ్చినంత సంబరపడ్డారు. ఒళ్లు కాపలా దిగుతున్న గుర్తులట. ఆ వివరణ శాస్త్రం ముందు ఎంతవరకు నిలుస్తుందో చెప్పగల చదువు నాకు లేదు. చెప్పగలిగింది ఒకటే. ఆ రాత్రి మూడింటికి మెలకువ రాలేదు.

ఇంతవరకు విన్నవాళ్లు, అయితే కౌన్సెలింగ్ దండగ, ఇదే మంచిదన్నమాట అంటారు. నేను అలా అనను. అక్క ఫోను సంగతి పిడికిలికి తెలియదు. నూటికి తొంభై ఐదు తప్పు మోస్తున్నవాడు ఎంతసేపు ఆవులించినా అది దిగదు. పైగా సుబేదారిలో ఆరు నెలలు కూర్చున్నాకే నాకు ఒక మనిషి ఎదుట కళ్లు మూసుకునే ధైర్యం వచ్చింది. నా మటుకు నేను, కొత్తగా వెళ్లేవాళ్లను మాటల దగ్గరే మొదలుపెట్టమంటాను. మాట మరీ నున్నగా జారిపోతున్నప్పుడు, నాలాగా కథ చెప్పడంలో ఆరితేరినప్పుడు, రెండోవైపు చూడవచ్చు. శరీర పద్ధతివాళ్లలో నాకు గిట్టనిది ఒకటుంది. మనసు అబద్ధమాడుతుంది, ఒళ్లు అబద్ధమాడదు అని మంత్రంలా అంటుంటారు. మా మేడమ్ కూడా ఒకటి రెండుసార్లు అన్నారు. నేను కొంత నమ్మాను కూడా.

2024 ఆగస్టు 31 రాత్రి మళ్లీ కుండపోత. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది ఆ వానకే. మేం ఈసారి అక్క మాట కోసం ఆగలేదు, సాయంత్రమే కాజీపేట చేరాం. అర్ధరాత్రి దాటాక లేచి హాల్లో కూర్చున్నాను. పాదాలు నేలకు ఆనించి, గది నలుమూలలా చూశాను. పిడికిలి కొంచెం బిగిసింది, కొంచెం వదిలింది. అమ్మకూ నిద్ర పట్టలేదు, గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. నా ఎడమచేయి తన ఒళ్లోకి తీసుకుని, "ఇంకా గుంజుతోందా బిడ్డా?" అంది.

"అప్పుడు ఈ చేత్తోనే కదమ్మా గేటు పట్టుకుంది" అన్నాను.

"గేటు ఎక్కడిది? ఈ చేత్తో నా జబ్బ పట్టుకున్నావు. కుడిచేత్తో కిటికీ చువ్వ." జాకెట్టు చేయి పైకి మడిచి చూపించింది. "ఇక్కడ నాలుగు వేళ్లూ నల్లగా అచ్చు పడ్డాయి. పది రోజులున్నాయి. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఇద్దరు సైకాలజిస్టుల దగ్గర, అరవై మంది ఉన్న హాల్లో, స్టాఫ్ రూములో, నేను ఏడాదిగా గేటు చువ్వే చెబుతున్నాను. ఆ ఇనుప చలి నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది.

"మరి గేటు ఎవరు పట్టుకున్నారమ్మా?"

"అది అంతకుముందే కొట్టుకుపోయింది కదరా. తెల్లారాక కొత్తది చేయించింది నువ్వే కదా."